గడి గీసి మాట రాయించండి
పిల్లల చదువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో "చిన్నపిల్లల చేత కామిక్స్ వేయించండి, చదువు దానంతటదే దారిలో పడుతుంది" అని రెండు ముక్కలు రాసి వదిలేశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి ఎక్కువ వచ్చాయి కాబట్టి ఈసారి వాటికే జవాబులు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, మీ ఉత్తరం అచ్చంగా కనపడలేదని కోపం తెచ్చుకోకండి.

మా వాడికి ఆరేళ్లు, ఒకటో తరగతి. పొద్దస్తమానం బొమ్మలు వేస్తాడు, రాయమంటే పెన్సిల్ విసిరికొడతాడు. మీరు చెప్పారని కామిక్స్ మొదలుపెట్టించాను. మా ఆయనేమో "బొమ్మలేసుకుంటా కూచుంటే చదువెప్పుడొస్తాది" అని ఒకటే సణుగుడు. దీనివల్ల నిజంగా చదవడం, రాయడం వస్తాయా, లేక పొద్దుపోవడానికేనా?
— ఒక తల్లి, కావలి

వస్తాయి తల్లీ. కాకపోతే బొమ్మ వేసినందుకు రావు, బొమ్మ పక్కన మాట రాసినందుకు వస్తాయి. ముందు ఈ సంగతి మీ ఆయనకు చెప్పండి. ఆయన సణుగుడులో కూడా కాస్త న్యాయం ఉంది, ఉత్త బొమ్మలే వేయించి "మా వాడు కామిక్ వేశాడు" అని స్టేటస్ పెట్టుకునేవాళ్లు ఉన్నారు మరి.

కాపీ పుస్తకంలో "అమ్మ, ఆవు, ఇల్లు" పదేసి సార్లు రాయమంటే పిల్లాడికి అది ఎవరి కోసమో, ఎందుకో తెలియదు. అదే వాడు వేసిన బొమ్మలో కుక్క తరుముతోంది, పిల్లాడు నోరు తెరుచుకుని పరుగెత్తుతున్నాడు అనుకోండి, ఆ నోట్లోంచి ఏం వచ్చిందో రాయకపోతే కథ నడవదు. "అమ్మో" అని రాయాల్సిందే. రాయాల్సిన అవసరం మనం పెట్టింది కాదు, వాడి కథ పెట్టింది. అందుకే వర్ణమాల పూర్తిగా రాని పిల్లలు కూడా ఈ ఒక్క మాట కోసం "మ కింద ఒత్తు ఎట్టా పెట్టాలి?" అని వచ్చి అడుగుతారు. అలా అడిగి రాసిన ఒత్తు మళ్లీ మర్చిపోరు.

నేను చూసిన ఒక కామిక్ చెప్తాను. మైపాడు దగ్గర ఒక ఊళ్లో రెండో తరగతి పాప వేసింది, నాలుగే గడులు. మొదటి గడిలో అవ్వ చేపల బుట్ట ముందు కూచుని ఉంది, నోటి పక్కన గీసిన మాటల బుడగలో, అదే బెలూన్‌లో, "ఈ పొద్దు పులుసు" అని ఉంది. రెండో గడిలో అవ్వ లేచి పోతోంది, "మామిడికాయ మర్చిపోయినా". మూడో గడిలో బుట్ట బోర్లా పడి ఉంది, మాటలేం లేవు. నాలుగో గడిలో బుట్టకన్నా లావు పొట్టతో పిల్లి పడుకుని "నాకేం తెలవదబ్బా" అంటోంది. అంతే కథ.

ఇందులో పిల్లి చేపలు తినే బొమ్మ లేదు, చూశారా? మూడో గడికీ నాలుగో గడికీ మధ్య ఉన్న ఖాళీలో ఆ పని జరిగిపోయింది, దాన్ని చదివేవాళ్లే ఊహించుకోవాలి. పెద్ద తరగతుల్లో పాఠం చదివి "ఎందుకు? ఎలా తెలిసింది?" అనే ప్రశ్నలకు జవాబు రాయలేక పిల్లలు తన్నుకులాడేది సరిగ్గా ఇక్కడే, చెప్పని దాన్ని పట్టుకోవడం దగ్గర. ఆ పాప ఏడేళ్లకే ఏది చెప్పాలో, ఏది చెప్పకుండా వదిలేయాలో తేల్చుకుంది. నన్నడిగితే ఇది పది పేజీల చూచిరాత కన్నా పెద్ద చదువు.

ఇంకో సంగతి. గడి తర్వాత గడి, ఎడమ నుంచి కుడికి, పై వరస అయ్యాక కింది వరస. పుస్తకం చదివేటప్పుడు కన్ను కదలాల్సిన దారి కూడా ఇదే, చిన్నపిల్లలకు అది పుట్టుకతో రాదు, అలవాటు కావాలి. ఒకే గడిలో ఇద్దరు మాట్లాడితే ముందు మాట్లాడేవాళ్లని ఎడమ వైపు వేయాలని రెండు మూడు కామిక్స్ అయ్యేసరికి వాళ్లే కనిపెట్టేస్తారు, లేకపోతే జవాబు ముందొచ్చి ప్రశ్న తర్వాతొచ్చి గందరగోళం అవుతుంది కదా.

ఇక మీ ఆయనకు చెప్పడానికి ఒక ముక్క. గడులు గీసి, బొమ్మా మాటా కలిపి కథ చెప్పే ఈ పద్ధతికి ఆద్యుల్లో ఒకడిగా లెక్కపెట్టే రొడోల్ఫ్ టోప్ఫర్ బడిపంతులే. స్విట్జర్లాండ్‌లో జెనీవా ఊళ్లో బడి నడుపుతూ, అక్కడి పిల్లలకు సరదాగా ఉంటుందని బొమ్మల కథలు వేసేవాడు, 1830లలో వాటిని పుస్తకాలుగా అచ్చేశాడు. కాబట్టి ఇది చదువు ఎగ్గొట్టే వ్యవహారంగా మొదలైంది కాదు, బళ్లోనే పుట్టింది.

ఇంట్లో చేసే పద్ధతి సులువే. తెల్ల కాగితం రెండుసార్లు సగానికి మడిచి విప్పితే నాలుగు గడులు. ముందు కథ నోటితో చెప్పించండి, వేలు ఒక్కో గడి మీద పెట్టి "ఇక్కడేం జరిగింది? ఆ తర్వాత?" అని అడగండి. తర్వాత బొమ్మ. కానీ మాట రాశాకే దాని చుట్టూ బెలూన్ గీయమనండి, ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి. ముందు బెలూన్ గీసేస్తే అందులో మాట పట్టదు, అక్షరాలు చివర్లో చీమల్లాగా ఇరుక్కుపోతాయి, వాడికి విసుగొచ్చి మళ్లీ పెన్సిల్ విసిరేస్తాడు. నాలుగు గడులూ ఒక్క రోజే కావాలని లేదు.

మా పాపకు నాలుగేళ్లు, అంగన్‌వాడీకి పోతోంది. అక్షరాలే రావు, కామిక్ ఏం వేస్తుంది? ఇంకో రెండేళ్లు ఆగాలా?
— ఒక అమ్మమ్మ, పొదిలి

ఆగక్కర్లేదమ్మా. రాయడం మీరు చేయండి, చెప్పడం పాప చేస్తుంది.

ఆ వయసులో పిచ్చిగీతలే వేస్తుంది, అది గేదో గుడిసో మనకు అర్థం కాదు. "ఇదేంటి?" అని అడక్కండి, "దీని కథ చెప్పు" అనండి. పాప ఏం చెప్తే అది, ఒక్క మాట అటూ ఇటూ మార్చకుండా, పెద్ద పెద్ద అక్షరాలతో బొమ్మ కిందే రాయండి. రాసేటప్పుడు నోటితో మెల్లగా పలుకుతూ రాయండి. తర్వాత వేలు పెట్టి చదివి వినిపించండి. "గేదె నీళ్లు తాగి పడుకునింది" అని తను అన్న మాటే కాగితం మీద ఉంది, రేపు చదివినా, మామయ్య వచ్చి చదివినా అదే మాట వస్తోంది అని పాపకు తెలిసిన రోజున చదువులో పెద్ద గడప దాటినట్టే. అక్షరాలు నేర్చుకోవడం ఆ తర్వాతి పని.

కొన్ని వారాలయ్యాక పాప తన పేరు మొదటి అక్షరాన్ని ఎక్కడున్నా గుర్తుపట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు ఆ ఒక్క అక్షరం తనను రాయనివ్వండి, మిగతాది మీరు రాయండి. తొందరేం లేదు. అంగన్‌వాడీ టీచర్‌కు కూడా ఆ కాగితాలు చూపించండి, సంతోషిస్తారు.

నాకు బొమ్మలు అస్సలు రావు. మనిషిని వేస్తే దిష్టిబొమ్మ అయి కూర్చుంటుంది. పిల్లలకు ఎట్లా నేర్పేది?
— ఒక తండ్రి, ఒంగోలు

మీకు రాకపోవడమే మంచిది సార్. నాన్న బాగా వేస్తే పిల్లలు "నువ్వే వెయ్యి నాన్నా" అని కాగితం మీ చేతిలో పెట్టేసి పోతారు. సున్నా, దాని కింద ఒక నిలువు గీత, రెండు చేతులు, రెండు కాళ్లు, చాలు. కోపమైతే కనుబొమలు లోపలికి వంచాలి, భయమైతే నోరు గుండ్రంగా వేయాలి, ఏడుపైతే రెండు చుక్కలు. ఎవరెవరో గుర్తుపట్టడానికి ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు పెట్టమనండి, ఒకరికి రెండు జడలు, ఒకరికి చారల చొక్కా, తాతకు కళ్లద్దాలు. అన్ని గడుల్లోనూ ఆ గుర్తు మారకూడదు. ఆ దిష్టిబొమ్మతోనే కానివ్వండి.

నేను కనిగిరి వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. అయిదు తరగతులకు ఇద్దరం టీచర్లం. సిలబస్, రికార్డులు, యాప్‌లో ఫొటోలు, వీటికే టైం చాలడం లేదు. వీటి మధ్య కామిక్స్ ఎక్కడ ఇరికించాలి? పైగా కాగితాలు, స్కెచ్‌ల ఖర్చు ఎవరిస్తారు?
— ఒక ఉపాధ్యాయుడు

మాస్టారూ, మీ కష్టం నాకు తెలుసు, అందుకే "కొత్తగా ఒక పీరియడ్ పెట్టండి" అని చెప్పను. 2021లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మిమ్మల్ని అడిగేది మూడో తరగతి అయ్యేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలనే కదా. తెలుగు పాఠం అయిపోయాక "కింది ప్రశ్నలకు జవాబులు రాయండి" అనే చోట, ఆ పాఠాన్నే నాలుగు గడుల్లో వేయమనండి. పిల్లవాడికి ఎంత అర్థమైందో కాగితం చూడగానే తెలిసిపోతుంది. కథలో ముఖ్యమైన మలుపు వదిలేసి, గుర్రానికి తోక మాత్రం ముచ్చటగా వేశాడంటే పాఠం ఎక్కలేదనే.

ఖర్చు సంగతంటారా, పక్కనే మార్కాపురం పెట్టుకుని ఆ మాటా! పలకల ఊరు అది. పలకే గడి. నలుగురు పిల్లలు, నాలుగు పలకలు. కథను నాలుగు ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక ముక్క ఇవ్వండి, ఒక్కో బొమ్మ, ఒక్కో మాట. అయ్యాక నలుగురూ వరసగా నిలబడి పలకలు ఎత్తి పట్టుకుంటారు, మిగతా క్లాసు గట్టిగా చదువుతుంది. తర్వాత అసలు సరదా: రెండో పలకనీ నాలుగో పలకనీ తారుమారు చేయండి. కథ తిరగబడుతుంది, పిల్లలు గోలగోల చేస్తారు, "కాదు సార్, ముందు వాడు పడాలి, తర్వాతే ఏడవాలి!" అని. ముందు, తర్వాత, అందుకని, అయినా సరే, ఇట్లాంటి మాటలన్నీ ఆ గోలలోనే వాళ్ల నోట్లోకి వస్తాయి. తుడిచేస్తే పలక మళ్లీ కొత్తది. ఈ మధ్య కొన్ని బళ్లలో పలకే కనపడటం లేదనుకోండి, లేకపోతే అరిగిన చార్టు ముక్కలైనా సరే.

మీకు ఇంకో లాభం ఉంది. వేరు వేరు తరగతులు ఒకే గదిలో ఉండటం దీనికి అడ్డం కాదు, కలిసొచ్చేదే. ఒకటో తరగతి పిల్ల చెప్తుంది, మూడో తరగతి పిల్లాడు రాస్తాడు, అయిదో తరగతి వాళ్లు ఒత్తులు, దీర్ఘాలు చూసి పెడతారు. మీరు ఆ అరగంటలో రెండో తరగతికి లెక్కలు చెప్పుకోవచ్చు.

కాగితం మీద చేయించాలనిపించిన రోజున ఒక్క కాగితంతో ఎనిమిది పేజీల చిన్న పుస్తకం అవుతుంది. కాగితాన్ని ఎనిమిది సమాన గడులు పడేలా మడిచి విప్పండి. తర్వాత పొడవు సగమయ్యేలా ఒక్క మడత పెట్టి, మడత వైపు నుంచి నడిమధ్య వరకు మాత్రమే కత్తెర పెట్టండి. విప్పి, ఈసారి పొడవుగా మడిచి, రెండు చివరలూ పట్టుకుని లోపలికి నెడితే మధ్యలో తెరుచుకుంటుంది, దాన్ని పుస్తకంలా మూసేయండి. పిన్ను కూడా అక్కర్లేదు. ఒక వైపు రాసేసిన కాగితాలైతే తెల్ల వైపు బయటికి వచ్చేలా మడవండి. అట్ట మీద కథ పేరు, కింద రాసిన వాళ్ల పేరు తప్పకుండా రాయించండి, ఆ పేరు కోసమైనా లోపల మాటలు శ్రద్ధగా రాస్తారు.

మా పాప మూడో తరగతి, బెలూన్లలో అంతా మన ఊరి మాటే రాస్తోంది, "యాడికి పోతుండావు", "ఆడ ఎవురూ లేరు" అని. వాళ్ల టీచర్ చూస్తే తప్పు అంటారేమోనని టెన్షన్. పైగా ఒత్తులు, దీర్ఘాలు చాలా పోతున్నాయి. అన్నీ దిద్దాలా?
— ఒక పాఠకురాలు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా

రెండూ వేరు వేరు సంగతులమ్మా, కలపకండి.

"యాడికి పోతుండావు" తప్పు కాదు. మీరు మాట్లాడేది, మీ అమ్మ మాట్లాడింది అదే. బెలూన్ అంటే మనిషి నోటి మాట, ఆత్మకూరు అవ్వ నోట్లోంచి "ఎక్కడికి వెళ్తున్నావు" అని వస్తే చదివేవాళ్లు నవ్వరూ? ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకుని అక్షరాల్లో పెట్టడం పెద్ద పనే. "పోతుండావు"లో ఎన్ని చప్పుళ్లున్నాయో విని, విడగొట్టి, ఒక్కోదానికి గుణింతం వెతుక్కుని రాయాలి. పుస్తకంలో చూసి రాసే మాటకు ఈ శ్రమ ఉండదు.

అయితే బడి భాష కూడా రావాలి కదా, దానికీ కామిక్‌లోనే చోటుంది. గడి పైన సన్నగా ఒక పట్టీ గీయించండి. "మరుసటి రోజు ఉదయం", "ఇద్దరూ చెరువు దగ్గరికి వెళ్లారు" లాంటివి అందులో రాయాలి, అది పాత్రల మాట కాదు, కథ చెప్పేవాళ్ల మాట. పట్టీలో పుస్తకం భాష, బెలూన్‌లో ఇంటి భాష. ఏ మాట ఎక్కడ వాడాలో పాపకు తెలిసిపోతుంది, ఇంటి మాట పలకడానికి సిగ్గుపడే పరిస్థితీ రాదు. టీచర్ అడిగితే ఇదే చెప్పండి. మన నెల్లూరు యాస సినిమాలో వస్తే ఈలలు వేసి, పిల్ల కాగితం మీద రాస్తే తప్పు అంటామా ఏంటి!

ఇక ఒత్తులు, దీర్ఘాలు పోవడం, అది నిజంగా తప్పే, కానీ ఎర్ర పెన్ను తీయకండి. కామిక్ అయ్యాక పాపనే గట్టిగా చదవమనండి. "పిల్లి" అని రాయబోయి "పిలి" అని రాసి ఉంటే చదివేటప్పుడు నాలుక తట్టుకుంటుంది, చాలాసార్లు తనే ఆగిపోతుంది. ఆగకపోతే ఆ కాగితంలో ఒక్క రకం తప్పే ఎంచుకోండి, ఈ వారం ఒత్తులు, వచ్చే వారం దీర్ఘాలు. అన్నీ ఒక్కసారి దిద్దితే పాప తర్వాతి కామిక్‌లో తనకు ఖాయంగా వచ్చిన మాటలే రాస్తుంది, "రా", "పో", "సరే" తప్ప ఇంకేం ఉండవు. తప్పుల్లేని కామిక్ వస్తుంది, కథ మాత్రం ఉండదు. నలుగురికీ చూపించాలనుకున్నప్పుడు మాత్రం సాఫుగా ఇంకోసారి రాయించండి, అప్పుడు అన్నీ దిద్దొచ్చు.

మూడో తరగతి చివరికి కూడా అక్షరాలు గుర్తుపట్టడమే కష్టంగా ఉంటే, నోటితో బ్రహ్మాండంగా చెప్పే పిల్ల చదవలేక ఏడుస్తుంటే మాత్రం కామిక్స్‌తో సరిపెట్టుకోకండి. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించి, తర్వాత పిల్లల డాక్టర్‌ను అడగండి.

మనవడికి ఎనిమిదేళ్లు. వాడు వేసే కామిక్స్ నిండా కొట్లాటలే. ఢిష్యూం, ఢాం, అంతే, వేరే మాటే లేదు. ఇదేం చదువు?
— ఒక తాతయ్య, కందుకూరు

పెద్దాయనా, ఆ ఢిష్యూంనే పట్టుకోండి, దాంట్లో బోలెడు వ్యాకరణం ఉంది. తెలుగులో చప్పుడు మాటలకు కొదవ లేదు. తలుపు కిర్రుమంటుంది, కొబ్బరికాయ దబ్బున పడుతుంది, పాము బుస్సుమంటుంది, దీపం తుస్సుమంటుంది, వాన టపటప కురుస్తుంది, నూనెలో ఆవాలు చిటపటలాడతాయి. మొదటి నాలుగింటినీ చూడండి: కిర్రు, దబ్బు, బుస్సు, తుస్సు. అన్నింటిలోనూ ఏ అక్షరం కింద ఆ ఒత్తే. బళ్లో ద్విత్వాక్షరాలు అని చెప్పి, పిల్లల్ని మూడు చెరువుల నీళ్లు తాగించే పాఠం ఇదే. మీ మనవడు కొట్లాటలో దాన్ని ఇష్టంగా నేర్చుకుంటాడు.

కాబట్టి కొట్లాట మానమనకండి, ఒక షరతు పెట్టండి. ఒకే చప్పుడు రెండుసార్లు రాయకూడదు. గోడ మీద పడితే ఒక చప్పుడు, బురదలో పడితే ఒకటి, పెంకుటింటి మీద పడితే ఇంకోటి. చప్పుడు దొరకకపోతే మిమ్మల్ని అడుగుతాడు, మీ దగ్గర ఉన్న మాటలు ఈ కాలం పిల్లలకు తెలియవు. తర్వాత ఇంకో షరతు: కొట్లాటకు ముందు ఒక గడి ఉండాలి, ఎందుకు కొట్టుకుంటున్నారో అందులో చెప్పాలి. అక్కడ వాడు వాక్యం రాయక తప్పదు.

రాకెట్ల కథ వేయమని చూడండి ఒకసారి. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన రోజున మిద్దెలెక్కి చూసే జిల్లా మనది, దానికి కావాల్సిన చప్పుళ్లన్నీ వాడే పుట్టిస్తాడు. అంకెలు వెనక్కి లెక్కపెట్టడం ఒక్కో గడిలో ఒక్కో అంకెతో పెడతాడు చూడండి.

పిల్లలు కామిక్స్ వేయాలంటే ముందు చదవాలి కదా. ఏం కొనాలి? ఫోన్‌లో చూస్తే చాలా?
— ఇంకో తల్లి, నెల్లూరు

చదవాలి, నిజమే. కానీ కొనడానికే ముందు పరుగెత్తకండి. 1947 జూలైలో మొదలైన చందమామ పాత సంచికలు మీ ఇంట్లోనో, చుట్టాల ఇళ్లలోనో అటక మీద ఉండే ఉంటాయి. అది కామిక్ కాదు, బొమ్మల కథల పత్రిక, అయినా ఒక కథ చదివి దాన్ని గడుల్లోకి మార్చమనడానికి అంతకన్నా మంచి సరుకు దొరకదు. కామిక్సే కావాలంటే 1967 నుంచి వస్తున్న అమర్ చిత్ర కథ పుస్తకాలు ఉన్నాయి. అవి పెద్ద మాటలతో ఉంటాయి, ఎనిమిదేళ్లు దాటాక బాగుంటాయి, అంతకన్నా చిన్నవాళ్లకు మీరు చదివి వినిపించాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు పిల్లల పుస్తకాలు ఊరికే చదువుకోవచ్చు, ఫోన్ పట్టుకున్నారు కాబట్టి దానికి వాడండి. శాఖా గ్రంథాలయం దగ్గర్లో ఉంటే ఒకసారి తీసుకెళ్లండి, పిల్లల పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంటే తీయమని అడగండి, అడిగేవాళ్లు లేకే అవి తాళంలో ఉంటాయి.

ఫోన్‌లో నాలుగు మాటలు కొడితే కామిక్ తయారుచేసి ఇచ్చే యాప్‌లు వచ్చాయి, వాటి గురించి కూడా ఇద్దరు ముగ్గురు అడిగారు. చిన్నపిల్లలకు వద్దు. వాడు రాయాల్సిన మాట, వేయాల్సిన గడి అదే వేసేస్తే పిల్లాడికి మిగిలిన పని వేలు నొక్కడం ఒక్కటే.

పెన్సిల్ ఏది కొనాలని కూడా అడిగారు మీరు. మామూలు హెచ్‌బీ చాలు. చిన్న వేళ్లకు లావుగా, మూడు వైపులు ఉండే పెన్సిల్ పట్టు బాగా కుదురుతుంది, స్టేషనరీ షాపులో అడిగితే ఇస్తారు. రబ్బరు మాత్రం బొమ్మ పూర్తయ్యేదాకా మీ దగ్గరే పెట్టుకోండి, లేకపోతే ఒక్క ముక్కు కోసం కాగితం చిరిగిపోతుంది.